మీ బాల్కనీ బొమ్మలో పూల రంగు వెలిసిపోతోంది, ఆ మాట నేనే చెప్పాలి

నా దగ్గర పూల బాల్కనీ బొమ్మ వేయించుకున్న అందరికీ నమస్కారం. కాన్వాస్ వెనక చెక్క మీద పెన్సిల్‌తో రాసిన నంబరు ఒకటి ఉంటుంది. అది 41 నుంచి 63 లోపు అయితే ఈ ఉత్తరం మీకే. మిగతావాళ్లకు కంగారు లేదు. అయినా చదవండి, ఇంకెవరో చెబితే వినడం కన్నా నా నోట వినడమే మేలు.

ఆ 23 బొమ్మల్లో గులాబీ రంగు వెలిసిపోతోంది.

మొదట ఒకావిడ ఫోన్ చేసి, "కాగితం పూలు వాడిపోయినట్టున్నాయండీ" అన్నారు. నేను నవ్వేసి, నూనె రంగుల పూలు వాడవండీ అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆవిడ బొమ్మ తెచ్చాక ఫ్రేమ్ విప్పి చూశాను. ఫ్రేమ్ అంచు కింద దాగిన సన్నటి పట్టీలో పూల రంగు నేను వేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది, చిక్కగా, కాస్త ఊదా కలిసినట్టు. వెలుతురు తగిలిన భాగం మాత్రం నాలుగేళ్లు ఉతికిన గుడ్డలా ఉంది. రెండింటి మధ్య స్కేలు పెట్టి గీసినట్టు గీత.

ఇక రంగులు అమ్మే ఆయన సంగతి. తొమ్మిదేళ్లుగా ఆయన దగ్గరే కొంటున్నాను. ట్యూబ్ మీద పేరు మారలేదు, మూత రంగు మారలేదు. మారింది వెనక చీమ తలకాయంత అక్షరాల్లో, లోపలున్నది ఏ పిగ్మెంటో (అసలు రంగునిచ్చే పొడి) చెప్పే కోడ్. పాత ట్యూబ్ మీద పీవీ 19 అని ఉండేది. అంటే క్వినాక్రిడోన్, 1958 నుంచి మార్కెట్లో ఉన్న రంగు, వెలుతురుకు తట్టుకోవడంలో మొదటి తరగతి. కొత్తదాని మీద పీఆర్ 83 అని ఉంది. అది అలిజరిన్. 1868లోనే ల్యాబ్‌లో తయారు చేయడం కనిపెట్టారు. అందానికి వంక పెట్టలేం, కానీ ఎండకు నిలవదు. దానిది మూడో తరగతి. అందులో తెల్ల రంగు కలిపితే ఇంకా త్వరగా పోతుంది. పూరేకుల్లో నేను పొద్దస్తమానం చేసేది ఆ కలపడమే.

ఆయన్ని అడిగితే, "పేరు అదే కదండీ, రంగూ అదే కదా, మీరు కోడ్ అడగలేదు కదా" అన్నారు. మూడు "కదా"లు. లెక్కపెట్టాను. కంపెనీ పిగ్మెంట్ మార్చిందని ఆయనకు ముందే తెలుసట. ఒక్క ఫోన్ చేస్తే పోయేది. ఇక ఆయన గుమ్మం తొక్కను. ఇంట్లోవాళ్లు మొండితనం అంటున్నారు, అననివ్వండి.

అయితే తప్పంతా ఆయన మీదకే నెట్టేస్తే అబద్ధమవుతుంది. కోడ్ ట్యూబ్ మీదే ఉంది. చదవనిది నేను.

ఒక స్నేహితుడు ఓదార్చబోయి, వాన్ గో అంతటి చిత్రకారుడికే తప్పలేదు, 1890లో ఆయన వేసిన గులాబీలు ఇప్పుడు దాదాపు తెల్లగా కనిపిస్తాయి అన్నాడు. నిజమే. కానీ రంగులు వెలుస్తాయని వాన్ గోకు తెలుసు, తమ్ముడికి ఉత్తరంలో రాశాడు కూడా. నాకు తెలియకుండా జరిగింది. పైగా ఆయన ఎవరి దగ్గరా అడ్వాన్స్ తీసుకుని ఆ గులాబీలు వేయలేదు.

నాకు నిద్ర లేకుండా చేసింది వేరే సంగతి. వెలిసిన పూల మీద మళ్లీ రంగు వేసి ఇవ్వాలా, మొత్తం బొమ్మ కొత్తగా వేయాలా? పై పూత అయితే వారం పని. 47వ నంబరు మీద అదే చేసి చూశాను. వార్నిష్ తీసి, పూలు కొత్తగా దిద్దాను. దిద్దాక అవి రెయిలింగ్ మీద స్టిక్కర్లు అంటించినట్టు తేలాయి. కారణం తెలియడానికి రెండు రోజులు పట్టింది. గులాబీ రంగు ఒక్క పూలలోనే లేదు. తెల్ల గోడ మీద పూల ఛాయ పడేచోట పలుచగా ఉంది, నేల మీది నీడలో ఉంది, ఆకుపచ్చ మరీ పచ్చిగా కనబడకుండా ఆకుల్లో కూడా కలిపాను. అక్కడంతా పోయింది. పూలు మాత్రం దిద్దితే, చుట్టూ ఉన్న వెలుతురు వాటిది కాదని కన్ను పట్టేస్తుంది. ఆరని రంగు మీద ఆరని రంగు లాగిన బ్రష్ గీత ఎండిన బొమ్మ మీద ఎలాగూ రాదు.

అందుకని 23 బొమ్మలూ మొదటి నుంచి మళ్లీ వేస్తున్నాను. మీరు ఒక్క పైసా ఇవ్వక్కర్లేదు. వద్దు, డబ్బు వెనక్కి ఇవ్వండి అంటే అదీ ఇస్తాను, కాకపోతే ముందు కొత్తది ఒకసారి చూడండి.

పాతది మీ దగ్గరే ఉంచుకోవచ్చు. దాన్ని వెనక్కి అడగాలా వద్దా అని చాలా రోజులు కొట్టుకున్నాను. నా సంతకంతో అలా వెలిసిన బొమ్మ ఒక గోడ మీద ఉండటం నాకు కష్టమే. కానీ డబ్బిచ్చి కొన్నది మీరు. ఉంచుకుంటానంటే దాని వెనక "గులాబీ రంగు వెలిసినది" అని రాసి, తేదీ వేసి ఇస్తాను. ఈ ఒక్క విషయంలో కాదనకండి.

వరుస నంబరు ప్రకారమే వేస్తాను. ఆలస్యమవుతుంది. నూనె రంగు నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని మెల్లగా గట్టిపడుతుంది. క్వినాక్రిడోన్ అందులోనూ నిదానం. వార్నిష్ ఇప్పుడే వేయను, ఆరు నెలలయ్యాక తెస్తే వేసి ఇస్తాను. వెలుస్తుందో లేదో తేల్చుకోవడానికి ఇప్పుడు వాడే ప్రతి ట్యూబ్ రంగునూ ఒక ముక్క మీద పూసి, సగం అల్యూమినియం ఫాయిల్‌తో మూసి కిటికీకి కడుతున్నాను. కిటికీ నిండా ముక్కలే, గదిలోకి వెలుతురు రావడం లేదు.

మీ బొమ్మ ఫోటో, వెనక నంబరు ఫోటో పంపండి. పగటి వెలుతురులో తీయండి, ఫ్లాష్ వద్దు.

ప్రస్తుతం ఈజిల్ మీద 41 ఉంది. గోడ, రెయిలింగ్, ఆకులు, నీడలు అయ్యాయి. పూలు రేపు.