'గది ఉష్ణోగ్రత' అంటే ఎంత?

సంపాదకులకు,

ఇంట్లో బీరు తయారీపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం బాగుంది గానీ, పులియబెట్టడానికి 'గది ఉష్ణోగ్రత చాలు' అనడం సరికాదు. ఏ గది, ఏ నెలలో? పులియడం జోరందుకున్నప్పుడు డబ్బాలోని ద్రవం గది కన్నా 3 నుంచి 5 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడెక్కుతుంది. గోడ మీది థర్మామీటరును కాదు, డబ్బాకు అతికించిన, ఉష్ణోగ్రత చూపే స్ట్రిప్‌ను చూడాలి.

మామూలు ఏల్ (కాస్త వెచ్చగా పులిసే బీరు) ఈస్టుకు 18-20 డిగ్రీలు కావాలి. ఎండాకాలంలో 28 దాటిందా, ముక్కుపుటాలదిరే ఆల్కహాల్ ఘాటు వస్తుంది, నిల్వ ఉంచినా పెద్దగా తగ్గదు. ఆ నెలల్లో సైజాన్ (బెల్జియం తరహా ఏల్) ఈస్టు మేలు. దాని మిరియాల ఘాటు 25-30 డిగ్రీల్లో బాగా తేలుతుంది. లాగర్ (చల్లగా పులిసే బీరు) మాత్రం చలికాలానికే: 10-12 డిగ్రీలు, 20 లీటర్లకు పొడి ఈస్టు ఒకటి కాదు, రెండు ప్యాకెట్లు. పులియడం ముగింపుకొచ్చాక 2-3 రోజులు 16-18 డిగ్రీలకు పెంచకపోతే వెన్న వాసన మిగిలిపోతుంది.

'వారం కాగానే సీసాల్లో నింపండి' అన్న మాట ఇంకా ప్రమాదం. చక్కెర పులిసేకొద్దీ ద్రవం సాంద్రత (నీటిది 1.000) తగ్గుతుంది. కొన్ని సైజాన్ ఈస్టులతో అది 1.030 దగ్గర ఆగినట్టే ఆగి, మళ్లీ మొదలై 1.005 కిందకు దిగుతుంది. ఆగిందనుకుని మధ్యలో బిరడా బిగిస్తే సీసాలు పేలతాయి. ఆ ఈస్టుకు రావాల్సిన తుది సాంద్రతకు చేరి, హైడ్రోమీటర్ (సాంద్రత కొలిచే పరికరం) రీడింగు వరసగా 3 రోజులు కదలకుండా ఉన్నాకే సీసాల్లో గ్యాస్ పుట్టడానికి 20 లీటర్లకు 120 గ్రాముల పంచదారను కొద్ది నీళ్లలో మరిగించి, చల్లార్చి కలపాలి.

- ఒక పాఠకుడు