లిఫ్ట్ చేసే బండికి వెనక షాకులు: ఇకపై మా షాపులో పని ఎలా ఉంటుందంటే

ఈ నెల నుంచి బండి ఎత్తు పెంచడానికి (లిఫ్ట్) స్ప్రింగు మీద స్పేసరు, అంటే ఎత్తు పెంచే దిమ్మ, మాత్రమే వేసి బండి ఇచ్చేసే పని మేం ఒప్పుకోవడం లేదు. వెనక భాగం 30 ఎం.ఎం. కంటే ఎక్కువ లేపమంటే షాకుల (షాక్ అబ్సార్బర్ల) కొలతలు తీశాకే పని మొదలుపెడతాం. దానివల్ల బండి మా దగ్గర ఒక రోజు ఎక్కువ ఉంటుంది, కూలీ కూడా పెరుగుతుంది. "పాత షాకులే ఉంచేయండి, ఎత్తు పెరిగితే చాలు" అని అడిగేవాళ్లు చాలామంది, అందుకే కారణం వివరంగా రాస్తున్నాం.

మారుతి సుజుకి జిమ్నీనే తీసుకుందాం. ముందూ వెనకా రిజిడ్ యాక్సిలే (రెండు చక్రాల్ని కలిపే ఒకే గట్టి ఇరుసు), కాయిల్ స్ప్రింగులే. వెనక స్ప్రింగు వేరు, షాకు వేరు. బండిని 50 ఎం.ఎం. లేపితే యాక్సిలుకీ చాసిస్‌కీ మధ్య దూరం అంత పెరుగుతుంది, షాకు మాత్రం పాతదే. లెక్క తేలిగ్గా ఉండాలని షాకు మొత్తం ట్రావెల్ (మూసుకుని సాగే దూరం) 200 ఎం.ఎం. అనుకోండి, బండి నేల మీద ఉన్నప్పుడు పైకి 100, కిందికి 100. లిఫ్ట్ తర్వాత పైకి 150, కిందికి 50 మాత్రమే. చక్రం గుంటలోకి దిగాల్సిన చోట షాకు పూర్తిగా సాగిపోయి, లోపలి పిస్టన్ వెళ్లి షాకు మూతి దగ్గరి రాడ్ గైడుకి కొట్టుకుంటుంది. వెనక నుంచి "టక్"మని వచ్చే చప్పుడు చాలాసార్లు ఇదే. బుష్ (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు) అరిగిందనుకుని బుష్ మార్పిస్తారు, చప్పుడు పోదు. అలాగే తిప్పితే సీలు పోయి ఆయిలు కారుతుంది, ఆ తర్వాత మౌంటు (షాకుని బిగించే చోటు) వెల్డింగు చీలుతుంది.

పొడుగు షాకు వేస్తే సరిపోతుందా అంటే, అక్కడ ఇంకో ప్రమాదం ఉంది. పొడుగు షాకు మూసుకున్నప్పుడు కూడా పొడుగే. యాక్సిలు బంప్ స్టాపుకి (యాక్సిలు పైకి లేవడాన్ని ఆపే రబ్బరు దిమ్మ) తగిలే లోపే షాకు పూర్తిగా మూసుకుపోతే బండి బరువంతా ఆ చిన్న మౌంటు మీద పడుతుంది. సాగి చప్పుడు చేసే షాకు కంటే ఇదే ఎక్కువ నష్టం చేస్తుంది.

అందుకే స్ప్రింగులు తీసేసి, చాసిస్‌ని స్టాండ్ల మీద నిలిపి, యాక్సిలుని జాకీతో పూర్తిగా పైకి, తర్వాత పూర్తిగా కిందికి తీసుకెళ్లి, పై బోల్టు నుంచి కింది బోల్టుకి దూరం కొలుస్తాం. రెండు వైపులా కలిపి ఒకసారి, ఒక్క వైపే లేపి ఒకసారి. బంప్ స్టాపు రబ్బరు దెబ్బకి నలిగే మేర కూడా లెక్కలోకి వస్తుంది. ఉదాహరణకి పూర్తిగా పైకి లేచినప్పుడు దూరం 330 ఎం.ఎం., మూసుకున్న షాకు 345 అయితే 15 తక్కువ. ఇంకో 15 భద్రతకి కలిపితే 30. షాకు 20 డిగ్రీలు వాలి ఉంటే బంప్ స్టాపుని దాదాపు 32 ఎం.ఎం. కిందికి దించాలి. పైకి ట్రావెల్ కొంత తగ్గుతుంది, ఆ మాట ముందే చెప్తాం.

పాత షాకులు బాగుంటే బ్రాకెట్ వేసి మౌంటు జరపొచ్చు, ఖర్చు తక్కువ. అయితే బ్రాకెట్‌తో ట్రావెల్ పెరగదు, పాత వాటాకి తిరిగి వస్తుందంతే. 50 ఎం.ఎం. బ్రాకెట్ వేస్తే బంప్ స్టాపు కూడా అంతే దిగాలి. ఒకవైపు మాత్రమే పట్టుకునే పలచటి పట్టీ బ్రాకెట్లు మేం వేయం, వంగిపోతాయి. బోల్టుని రెండు వైపులా పట్టుకునేదే కావాలి. కింది మౌంటుని యాక్సిలు కంటే కిందికి దింపేవి కూడా వద్దు, మొదటి రాయికే తగులుతాయి. వాలు విషయంలోనూ జాగ్రత్త: నిలువు షాకుతో పోలిస్తే 30 డిగ్రీలు వాలితే చక్రం దగ్గర డ్యాంపింగ్ (ఊపుని అణిచే బలం) నాలుగో వంతు తగ్గుతుంది, 45 డిగ్రీలైతే సగమే మిగులుతుంది.

బిగించేటప్పుడు రబ్బరు బుష్ బోల్టుల్ని బండి బరువు చక్రాల మీద పడ్డాకే టైట్ చేయాలి. గాల్లో ఉండగా బిగిస్తే బుష్ ఎప్పుడూ మెలిపడి ఉండి త్వరగా చిరుగుతుంది. ట్విన్ ట్యూబ్ (ఒకదానిలో ఒకటి రెండు గొట్టాలున్న) షాకుని నిలబెట్టి మూడు నాలుగుసార్లు పూర్తిగా నొక్కి లాగాకే ఎక్కించాలి, లేకపోతే లోపల గాలి ఉండిపోతుంది. దాన్ని తలకిందులుగా బిగించకూడదు.

షాకు పొడుగైతే యాక్సిలు ఇంకా కిందికి దిగుతుంది కాబట్టి బ్రేకు హోసు, ఏబీఎస్ వైరు, హ్యాండ్ బ్రేకు కేబులు, యాక్సిలు లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు ఆ స్థితిలో లాగుతున్నాయేమో చూస్తాం. స్ప్రింగు సీటులోంచి ఊడే పరిస్థితి ఉంటే యాక్సిలు మరీ కిందికి దిగకుండా ఆపే పట్టీ (లిమిట్ స్ట్రాప్) తప్పదు. జిమ్నీలో లిఫ్ట్‌తో యాక్సిలు పక్కకి కూడా జరుగుతుంది, దాన్ని మధ్యకి తేవడానికి వేసే అడ్జస్టబుల్ పనార్డ్ రాడ్ (యాక్సిలుని పక్కకి కదలకుండా పట్టే రాడ్) ఖర్చు కొటేషన్‌లో విడిగా చూపిస్తాం.

ఒక మాట దాచకుండా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద కంపెనీ స్పెసిఫికేషన్‌ని మార్చడానికి పరిమితులున్నాయి. కంపెనీ వారంటీ, ఇన్సూరెన్స్ క్లెయిము కూడా చిక్కులో పడొచ్చు. ఇవి తెలిసి నిర్ణయం తీసుకోండి.

మా దగ్గర ఇప్పటికే లిఫ్ట్ చేయించుకుని పాత షాకులతో తిరుగుతున్నవాళ్లు ఒకసారి బండి తీసుకురండి, కొలత ఉచితం. ఈలోగా షాకు బాడీ మీద తడి చూడండి. పలచటి ఆయిలు పొర ఉంటే పర్వాలేదు, చుక్కలుగా కారుతుంటే మాత్రం ఆ బండిని కొండ దారికి తీసుకెళ్లకండి.