గిర్రున తిరగడం వేరు, తిరుగుతూనే ఉండడం వేరు

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం కాదు, అంతకు ముందు ఆదివారం మీ అనుబంధంలో మన యుద్ధ విమానం తేజస్ మీద అరపేజీ వేశారు కదా, దాని గురించే ఈ ఉత్తరం. ఆ రోజే రాద్దామనుకున్నా, ఇంట్లో పెళ్లి పనులు, తీరలేదు. పోనీలే అని వదిలేద్దామంటే మనసొప్పట్లేదు. ఇరవై ఏళ్లు ఎయిర్‌ఫోర్స్‌లో మిగ్-21 ఇంజన్ల దగ్గర చేసినవాణ్ణి, తేజస్ ముందు అమెరికా వాళ్ల ఎఫ్-16 దిగదుడుపే అని మీరు హెడ్డింగ్ పెడితే సంతోషించాల్సిందే గానీ, కింద రాసిన కారణం చదివాక టీ గొంతుకి అడ్డం పడింది. రెక్క పెద్దది కాబట్టి బాగా తిరుగుద్దట, బాగా తిరుగుద్ది కాబట్టి గెలుస్తుందట. అయిపోయింది యుద్ధం!

అయ్యా, ఒకసారి గిర్రున ముక్కు తిప్పడం వేరు, తిరుగుతూనే ఉండడం వేరు. పెద్ద డెల్టా రెక్క, అంటే త్రికోణం రెక్కున్న విమానం, తేజస్ గానీ ఫ్రాన్స్ వాళ్ల మిరాజ్-2000 గానీ, మొదటి రెండు మూడు సెకన్లు భలే తిరుగుద్ది, ఎవరూ కాదనరు. కానీ ఆ తిరగడంలో స్పీడు హరించుకుపోద్ది. బంగారం తాకట్టు పెట్టి పండగ చేసినట్టు, ఆ పూటకి ఘనంగానే ఉంటుంది. స్పీడూ ఎత్తూ పోకుండా తిరుగుతూ ఉండాలంటే మాత్రం నెల జీతంలోనే ఇల్లు గడవాలి. ఆ జీతం ఇంజన్ ఇచ్చే థ్రస్ట్, అంటే ముందుకి తోసే బలం.

లెక్క కూడా చెప్తా, మీవాళ్లు వేసి చూసుకోవచ్చు. గంటకి 900 కిలోమీటర్ల స్పీడులో 5 జీ పట్టుకుని, అంటే విమానం బరువుకి అయిదు రెట్లు రెక్క మోస్తూ తిరిగితే ఒక చుట్టుకి సుమారు 33 సెకన్లు, 7 జీ పట్టుకోగలిగితే 23 సెకన్లు. ఆ పది సెకన్లలో అవతలివాడు తోక వెనక్కి వచ్చి కూర్చుంటాడు. మరి అందరూ 7 జీ పట్టుకోవచ్చుగా అంటే, రెక్క ఎత్తే బరువు పెరిగేకొద్దీ ఆ ఎత్తడం వల్లే పుట్టే డ్రాగ్, అంటే గాలి వెనక్కి లాగే బలం, దాని వర్గంలో పెరుగుద్ది (బరువు రెండింతలైతే ఇది నాలుగింతలు), అదే స్పీడులో తిన్నగా పోయేదానికన్నా 5 జీ దగ్గర సుమారు 25 రెట్లు, 7 జీ దగ్గర 49 రెట్లు. డెల్టాలా ఈ చివరి నుంచి ఆ చివరికి పొడవు తక్కువున్న రెక్కకి ఈ బాధ ఇంకా ఎక్కువ. పైలట్ రీహీట్ వేస్తాడు, అంటే ఇంజన్ వెనక భాగంలో ఇంకాస్త ఫ్యూయల్ మండిస్తాడు, ఫ్యూయల్ నీళ్లలా తాగుద్ది, అప్పటికీ చాలకపోతే ముక్కు దించి ఎత్తు అమ్ముకోవడమే. ఇదేం రహస్యం కాదండీ, అమెరికాలో జాన్ బాయిడ్ అనే పైలటూ థామస్ క్రిస్టీ అనే లెక్కలాయనా 1960ల్లోనే గ్రాఫులు గీసి చూపించారు, ఎఫ్-16 వచ్చింది ఆ ఆలోచనలోంచే.

మీ వ్యాసంలో ఏ ఎత్తులో, ఎంత ఫ్యూయల్‌తో, రెక్కల కింద ఏం తగిలించుకుని అన్న మాటే లేదు. పైకి పోయేకొద్దీ గాలి పల్చబడి ఇంజన్ బలం తగ్గుద్ది, డ్రాప్ ట్యాంకులు, అంటే బయట తగిలించే అదనపు ఫ్యూయల్ ట్యాంకులుంటే కథే వేరు. ఇవేం లేకుండా సెకనుకి ఇన్ని డిగ్రీలు అని రాయడం బైకు మైలేజీ యాడ్ లాంటిది. పైగా ఫొటో! తేజస్ అని వేసింది మిరాజ్‌ని. రెండూ త్రికోణమే కదా, ఎవరు చూడొచ్చారు అనుకున్నారేమో.

అసలు రాయాల్సింది ఇంజన్ గురించి. తేజస్ కోసం మనవాళ్లు తలపెట్టిన కావేరీ ఇంజన్‌కి 1989లో అనుమతి ఇచ్చారు, 2008లో తేజస్ నుంచి విడదీశారు. 2001 జనవరిలో మొదటిసారి ఎగిరినప్పటి నుంచి తేజస్‌కి అమెరికా ఎఫ్-404 ఇంజనే దిక్కు. 2021లో 99 ఇంజన్లు ఆర్డరిస్తే మొదటిది చేతికొచ్చేసరికి 2025 మార్చి అయింది. గుట్టంతా టర్బైన్ బ్లేడులో ఉంది, లోహం కరిగిపోయేంత వేడి గాలిలో అది తిరగాలి, ఒకే స్ఫటికంగా పోత పోస్తే బాగా తట్టుకుంటుంది. అలాంటివి మన హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో రక్షణ శాఖ లోహాల ల్యాబు డీఎంఆర్‌ఎల్ వాళ్లు చేసి 2021లో హెలికాప్టర్ ఇంజన్ కోసం 60 బ్లేడ్లు విమానాలు తయారుచేసే ప్రభుత్వ కంపెనీ హెచ్‌ఏఎల్‌కి ఇచ్చారు. మీ ఆఫీసు నుంచి ఆటోలో పోయొచ్చే దూరం. దాని మీద మీ పేపర్లో అరపేజీ కాదు కదా, అరకాలమ్ కూడా నా కంటపడలేదు, హీరోయిన్ డైట్ మాత్రం వారం వారం.

మిమ్మల్నొక్కళ్లనే అని ఏం లాభం. మా ఊరి సెంటర్లో మిగ్-21 ఒకటి నిలబెట్టారు, మున్సిపాలిటీ వాళ్లు రంగులేసి దాని మీదుండే ఎయిర్‌ఫోర్స్ గుండ్రటి గుర్తుని తిరగేశారు, బయట కాషాయం నడుమ ఆకుపచ్చ ఉండాల్సింది బయట ఆకుపచ్చ పెట్టారు. ముక్కు దగ్గర పొడుగ్గా ఉండే, స్పీడు కొలిచే పీటో గొట్టానికి ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ తాడు! రెండు అర్జీలు పెట్టా, పాత సామానే కదండీ అన్నారు. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో ఆ విమానాలకి వీడ్కోలు చెప్తుంటే టీవీ ముందు కళ్లు తుడుచుకున్నవాణ్ణి, ఏం చెప్పను ఆ గుమాస్తాకి.

సవరణ వేస్తే అదే ఆదివారం అనుబంధంలో వెయ్యండి, లోపల పేజీలో టెండర్ నోటీసుల పక్కన వద్దు. తేజస్ ఫొటో బెంగళూరు ఏరో ఇండియా విమాన ప్రదర్శనలో నేను తీసింది ఉంది, కావాలంటే ఊరికే ఇస్తా.

– ఎయిర్‌ఫోర్స్ రిటైర్డ్ ఇంజన్ ఫిట్టర్, బాపట్ల జిల్లా