మూడో అధ్యాయాన్ని వెంట తీసుకెళ్లకు

చిన్నమ్మలూ,

ఆదివారం రాత్రి వీడియోలో మాట్లాడుతున్నప్పుడు నీ వెనక గోడమీద పసుపు కాగితం కనిపించింది. ‘ఇంకా 23 రోజులు’ అని రాసుకుని, గడిచిన ఒక్కో రోజునీ ఎర్ర పెన్నుతో కొట్టేస్తున్నావు. ముచ్చటేసింది. నువ్వు మంచినీళ్లకని లేచి వెళ్లినప్పుడు దాని కింద రాసింది కూడా చదివాను. ‘సెలవులో: మూడో అధ్యాయం, స్టాటిస్టిక్స్ అసైన్‌మెంట్, పాత మెయిల్స్.’ అప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. ఫోన్లో చెబితే ‘సరేలే నాన్నా’ అని మాట మార్చేస్తావు. అందుకే ఉత్తరం.

పొద్దున ఎనిమిదికల్లా ఆఫీసు, సాయంత్రం ఆరున్నరకి క్లాసు, ఇల్లు చేరి రెండు ముద్దలు తినేసరికి పది, ఆ తర్వాత పుస్తకాలు. ఏడాదిన్నరగా ఇదే వరస. ఎవరూ బలవంతపెట్టలేదు, నువ్వే కోరి ఎత్తుకున్న బరువు. దాన్ని మోస్తున్న తీరు చూసి నాకెంత గర్వమో మాటల్లో చెప్పలేను. దించెయ్యమని ఏనాడూ అనను. సెలవుకి వెళ్లే ఆ ఎనిమిది రోజులు మాత్రం దించు తల్లీ.

నేనూ ఉద్యోగం చేస్తూనే పీజీ చదివానని నీకు తెలుసు. ఆ ఏడాది సముద్రానికి వెళ్లిన సంగతి మాత్రం పూర్తిగా చెప్పలేదు. నీకప్పుడు నాలుగేళ్లు. లీవు దొరకడమే గగనమైన రోజుల్లో ఎలాగో వారం సంపాదించి, బట్టల మధ్య థీసిస్ కాగితాల కట్ట పెట్టుకుని బయల్దేరాను. రోజూ పొద్దున్నే కట్ట విప్పి కూర్చునేవాణ్ణి. గాలికి ఎగరకుండా ఓ పక్క కళ్లజోడు కేసు, ఇంకో పక్క నా చెప్పు బరువుగా పెట్టేవాణ్ణి. నువ్వు గుప్పెట్లో గవ్వలు పట్టుకొచ్చి, ‘అయిపోయిందా నాన్నా?’ అని అడిగేదానివి. ‘ఇంకొక్క పేజీ’ అనేవాణ్ణి. నువ్వు ఆ గవ్వల్ని కాగితాల అంచున వరసగా పేర్చి వెళ్లిపోయేదానివి. వారం మొత్తంలో నేను చదివింది పదకొండు పేజీలు. తిరిగొచ్చాక మా గైడు ఆ అధ్యాయాన్ని మొదటినుంచీ మళ్లీ రాయమన్నారు. రాశాను, డిగ్రీ కూడా వచ్చింది. ఆ గవ్వలు ఏ రంగులో ఉండేవో మీ అమ్మని అడిగితే చెబుతుంది. నాకు గుర్తులేదు.

ఇలా ఎందుకవుతుందో చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను. ఒక పని సగంలో ఉండగా ఇంకోదానికి మారితే, మన ధ్యాసలో కొంత ముక్క వెనకటి పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో రాసింది. రెండో పని దానివల్ల దెబ్బతింటుంది. రోజూ ఆఫీసునుంచి క్లాసుకి వెళ్లి కూర్చున్న మొదటి అరగంట ఏమీ ఎక్కదంటావే, అదే ఇది. ఆవిడే మరొకరితో కలిసి తర్వాత ఇంకో సంగతి గమనించింది. పని వదిలేముందు ఎక్కడ ఆపామో, తిరిగొచ్చి ముందు ఏం చెయ్యాలో ఒక్క నిమిషం కాగితం మీద పెడితే ఆ పీకులాట తగ్గుతుందట. పని పూర్తి కానక్కర్లేదు. నాకు ఆ రోజు ఈ ఒక్క ముక్క తెలిసుంటే కాగితాల కట్ట ఇంట్లోనే ఉండేది.

కాబట్టి బయల్దేరే ముందురోజు సాయంత్రం మూడో అధ్యాయం ఎంతవరకు వస్తే అంతవరకే ఉంచి, తర్వాత రాయబోయే మొదటి వాక్యం ఏమిటో, ఏ ఫైలు తెరవాలో రాసిపెట్టు. ల్యాప్‌టాప్ బీరువాలో పెట్టి తాళం వెయ్యి. గైడుకీ మేనేజరుకీ నీ తేదీలు ఇప్పుడే మెయిల్లో పెట్టు, ఆఖరి వారందాకా ఆగకు. తిరిగొచ్చిన మరుసటి రోజుకి ఏ గడువూ ఒప్పుకోకు.

ఇంకో భయం కూడా ఉంది. సెలవులోపు అన్నీ ముగించేద్దామని ఈ మూడు వారాలూ రాత్రిళ్లు మేలుకుంటావేమోనని. మొన్న పరీక్షకి రాత్రంతా చదివి, అలాగే బండి నడుపుకుంటూ ఇంటికొచ్చానని తేలిగ్గా చెప్పావు. మీ అమ్మకి ఆ మాట ఇప్పటికీ చెప్పలేదు. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి తీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి తీరుతో సమానమని 1997లోనే పరీక్షించి తేల్చారు. నువ్వు ఆరింటికి లేస్తావు. రాత్రి పదకొండుకి సరిగ్గా 17 గంటలు. అలాంటి రాత్రి ఇంకోటి తప్పదనుకుంటే బండి తియ్యకు, ఎవరినైనా దింపమను.

లీవు అడుగుతుంటే దొంగతనం చేసినట్టుంది అన్నావు. ఆ మాట నాకు నచ్చలేదు. జీతంతో కూడిన సెలవు పనిచేసేవాళ్ల హక్కని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1936లోనే ఒప్పందం చేసింది, ఏడాది పనిచేస్తే కనీసం ఆరు పనిరోజులని. 1970లో దాన్ని మూడు వారాలకి పెంచింది. నువ్వెవరి దగ్గరా ఏమీ లాక్కోవడం లేదమ్మా.

ఎర్ర పెన్ను మాత్రం ఆపకు. నెదర్లాండ్స్‌లో 1,530 మందిని అడిగి 2010లో అచ్చువేసిన అధ్యయనంలో, ప్రయాణం పెట్టుకున్నవాళ్లు వెళ్లకముందే మిగతావాళ్లకన్నా సంతోషంగా ఉన్నారట. తిరిగొచ్చాక ఆ తేడా మిగిలింది బాగా సేదతీరినవాళ్లలోనే. వెళ్లకముందటి సంతోషం ఎదురుచూపు నీకు ఇప్పటికే ఇస్తోంది, వీడియోలో నీ ముఖంలో కనబడింది. తిరిగొచ్చాక మిగిలేది ఆ కాగితం కింది సగాన్నిబట్టి ఉంటుంది.

వచ్చే ఆదివారానికి అంకె 16 అవుతుంది. ఆ రోజు గీత నేను చూస్తుండగా కొట్టు. కింది మూడు మాటలూ కూడా అప్పుడే కొట్టేస్తానంటే, మీ అమ్మని పిలిచి పక్కన కూర్చోబెడతాను.

మీ నాన్న