బిట్లు, పల్లీలు, మా రూమ్‌లో కొట్లాటలు

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం అందింది. నీ చేతిలో ఫోన్ ఉన్నా నాకోసం పెన్ను పట్టుకున్నావు చూడు, అందుకు పెద్ద థాంక్స్. ఇక్కడ ఫోన్ కనబడితే ఇన్‌చార్జ్ లాగేసుకుంటాడు, నాకు ఉత్తరం తప్ప గతి లేదు. ఆదివారం నాన్న విజయవాడ వస్తానన్నాడు, ఆయన చేతికిచ్చి పోస్టులో వేయిస్తాను.

"లాంగ్ టర్మ్‌లో రోజంతా ఏం చేస్తార్రా?" అని అడిగావు. మెడికల్ సీటు కోసం రాసే నీట్ పరీక్షకి ఏడాది పొడవునా సాగే కోచింగ్ కదా ఇది, బిట్లు (నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు) చేస్తాం. తర్వాత ఆ బిట్ల మీద కొట్టుకుంటాం. మొదటిదాని గురించి రాయడానికేం లేదు గానీ రెండోది మాత్రం భలే ఉంటుంది.

వీకెండ్ టెస్ట్ అవగానే జవాబుల కీ గోడకి అంటిస్తారు. రాత్రి స్టడీ అవర్‌లో ఎర్రర్ లిస్ట్ రాయాలి. ఏ ప్రశ్న తప్పింది, ఎందుకు తప్పింది అని రెండు గళ్ళు. 'ఎందుకు' అన్న గడిలో సెక్షన్ మొత్తం రాసేది ఒకటే: సిల్లీ మిస్టేక్. అందరివీ సిల్లీ మిస్టేకులే అయితే ఈపాటికి అందరికీ సీట్లు రావాలి కదా! అందుకని మా రూమ్‌లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. సరైన జవాబు పెట్టినవాడు నోరు మూసుకోవాలి. తప్పు పెట్టినవాడు ముందు మాట్లాడాలి, ఏ అడుగు తర్వాత ఏ అడుగు వేసి ఆ ఆప్షన్ దగ్గరికి వెళ్ళాడో చెప్పాలి. మొదట్లో అందరికీ నామోషీగా ఉండేది. ఇప్పుడు అదే మాకు సినిమా.

మొన్న వచ్చిన బిట్ చూడు. 100 గోధుమ గింజలు ఏర్పడాలంటే ఎన్ని మియోసిస్ విభజనలు (క్రోమోజోమ్‌లని సగం చేసే కణ విభజన) జరగాలి? పాత ప్రశ్నే, నీకు తెలిసే ఉంటుంది. మా పొడుగోడు 50 పెట్టాడు. వాడి లెక్క ఏంటంటే, ఒక మియోసిస్‌కి నాలుగు కణాలు వస్తాయి కాబట్టి పుప్పొడికి 25, అండాలకి 25. వాడు చెబుతుండగానే తప్పెక్కడుందో వాడికే దొరికింది. ఆడవైపు కూడా నాలుగు వస్తాయి నిజమే, కానీ మూడు నశించిపోయి ఒక్కటే మిగులుతుంది. అంటే 100 అండాలకి 100 మియోసిస్‌లు కావాల్సిందే. మొత్తం 125.

అక్కడితో అయిపోలేదు. మా కళ్ళజోడుగాడు ఏ ఆప్షనూ పెట్టకుండా వదిలేశాడు. వాడి వాదన: ఒక పుప్పొడి రేణువులో రెండు మగ బీజాలుంటాయి కదా, అలాంటప్పుడు 100 గింజలకి 50 రేణువులు చాలు, పన్నెండున్నర మియోసిస్‌లు, ఆ లెక్కకి సరిపోయే ఆప్షనే లేదు! అందరం నవ్వాం గానీ, నన్నడిగితే ఆ గదిలో అసలు బోటనీ ఆలోచించినవాడు వాడే. ఆ రెండో మగ బీజం ఇంకో గింజకి పోదు. మొదటిది అండంతో కలిస్తే, ఇది అదే పిండకోశంలో (అండం ఉండే సంచి) ఉన్న రెండు ధ్రువకేంద్రకాలతో కలిసి ఎండోస్పెర్మ్, అంటే పిండానికి తిండి పెట్టే కణజాలం అవుతుంది. డబుల్ ఫెర్టిలైజేషన్ అని మనం బట్టీ కొట్టిన మాటకి ఇంత పని ఉందని వాడు తప్పు చేయబట్టే తెలిసింది. కీలో ఒట్టి 125 చూసి టిక్కు కొట్టుకుని పోయినవాళ్ళకి ఇది దొరకదు.

క్రోమోజోమ్‌ల లెక్కకైతే పల్లీలు వాడతాం. మా అమ్మ పంపిన ఉడకబెట్టిన వేరుశనక్కాయల్లోంచి రెండు గింజలవి ఏరి పక్కన పెట్టాం. కాయ అంటే క్రోమోజోమ్, లోపలి గింజలు క్రొమాటిడ్‌లు, అంటే దాని పోగులు. పుస్తకంలో ఉల్లి వేరు కొన ప్రశ్న ఉంటుంది చూడు, కణంలో 16 క్రోమోజోమ్‌లుంటే డీఎన్‌ఏకి నకలు తయారయ్యే ఎస్ దశ తర్వాత ఎన్ని అని. 32 అనేవాళ్ళు కోకొల్లలు. ఎస్ దశలో డీఎన్‌ఏ రెట్టింపు (2సి నుంచి 4సి) అవుతుంది, అంటే కాయలో ఒక గింజ ఉన్నచోట రెండయ్యాయి. కానీ కాయలు మాత్రం 16యే. క్రొమాటిడ్‌లు విడిపోయే ఎనాఫేజ్‌లో కాయ పగులుతుంది, అప్పుడు కాసేపు 32. మియోసిస్ మొదటి విభజనలో అసలు కాయ పగలదు, కాయకి కాయే చెరో పక్కకి పోతాయి. అందుకే అక్కడ క్రోమోజోమ్‌లు సగం అవుతాయి గానీ ఒక్కోదాంట్లో రెండేసి గింజలు అలాగే ఉంటాయి. ఒకే చిక్కుంది, లెక్క తేలేలోపు ఎవడో ఒకడు క్రోమోజోమ్‌లు తినేస్తాడు.

జెనెటిక్స్‌లో గొడవ ఇంకో రకం. ఒకావిడ తండ్రికి వర్ణాంధత్వం. ఆవిడకి లేదు, భర్తకీ లేదు. కానీ తండ్రి నుంచి ఆ జన్యువు ఆవిడకి వచ్చే ఉంటుంది, ప్రతి కొడుక్కీ అది పోయే అవకాశం సగం. 'వాళ్ళకి పుట్టే కొడుక్కి వర్ణాంధత్వం ఉండే అవకాశమెంత' అంటే 50 శాతం. 'వాళ్ళకి వర్ణాంధత్వం ఉన్న కొడుకు పుట్టే అవకాశమెంత' అంటే 25 శాతం. మొదటిదాంట్లో కొడుకు పుట్టేశాడు, రెండోదాంట్లో ఇంకా అమ్మాయో అబ్బాయో తేలలేదు. ఒకే టెస్టులో ఈ రెండూ పక్కపక్కన ఇచ్చారంటే పేపర్ సెట్ చేసినాయన ఎంత సరదా మనిషో!

ఒక వాక్యం, దానికి కారణమంటూ ఇంకో వాక్యం ఇచ్చే అసర్షన్, రీజన్ బిట్లకి మాత్రం మా దగ్గర పెద్ద మందేం లేదు. రెండు వాక్యాల మధ్య 'ఎందుకంటే' పెట్టి పైకి చదువుతాం. ఊపిరితిత్తులకి పోయే పల్మనరీ ధమనిలో ఆక్సిజన్ తక్కువున్న రక్తం పోతుంది, ఎందుకంటే ధమనులు గుండె నుంచి రక్తాన్ని బయటికి తీసుకుపోతాయి. వినడానికి బాగానే ఉంది. కానీ మహాధమని కూడా గుండె నుంచి బయటికే పోతుంది, అందులో మంచి రక్తమేగా? రెండు వాక్యాలూ నిజమే, రెండోది మొదటిదానికి కారణం మాత్రం కాదు.

నీకు ఇంకో సంగతి చెప్పాలి. మా సెక్షన్‌లో ఒకడున్నాడు, ర్యాంక్ షీట్‌లో ఎప్పుడూ పైనే ఉంటాడు, ఎవరేం అడిగినా "చూడలేదు బ్రో" అంటాడు. తప్పనను, వాడి టెన్షన్ వాడిది. కానీ 20 లక్షల మందికి పైగా రాసే పరీక్షలో పక్క మంచం వాడికి ఒక బిట్ చెబితే సీటు పోతుందా? 720 మార్కుల్లో 360 బయాలజీవే, ఒక తప్పుకి రావాల్సిన నాలుగు పోవడమే కాక మైనస్ ఒకటి. ఆ తప్పేదో ఇక్కడే ఒకడి ముందు చేసేసుకుంటే నయం కదా. అయినా వాడికి చెప్పేవాడెవడు!

వాడికన్నా ప్రమాదం 'అర్థమైంది' బ్యాచ్. సగం వినగానే తల ఊపేస్తారు. అలాంటివాళ్ళకి వెంటనే ప్రశ్న మార్చి ఇస్తాం. గోధుమ బిట్ అయ్యాక పొడుగోణ్ణి అడిగాను, తల్లి మొక్క టెట్రాప్లాయిడ్ (నాలుగు క్రోమోజోమ్ సెట్లు, 4ఎన్), తండ్రి మొక్క డిప్లాయిడ్ (రెండు సెట్లు, 2ఎన్), ఎండోస్పెర్మ్‌లో ఎన్ని సెట్లు? వాడు చాలాసేపు గోక్కుని, ధ్రువకేంద్రకాలు ఒక్కోటి 2ఎన్, అవి రెండు, పైన మగ బీజం ఒక ఎన్, మొత్తం 5ఎన్ అన్నాడు. కరెక్టే. తల్లినీ తండ్రినీ తారుమారు చేస్తే 4ఎన్. పిండం మాత్రం ఎటు చేసినా 3ఎన్. ఇదంతా వాడే కాగితం మీద వేసి నాకు చూపించాడు.

అక్కడే మేం ఆగిపోయాం, నీతో పని పడింది. గింజల్లేని పుచ్చకాయ కోసం టెట్రాప్లాయిడ్‌ని ఆడమొక్కగా, డిప్లాయిడ్‌ని మగమొక్కగా పెట్టి మూడు సెట్ల ట్రిప్లాయిడ్ విత్తనం తీస్తారని మా మెటీరియల్‌లో ఉంది. తిప్పి చేస్తే విత్తనం సరిగా కట్టదట. పిండం రెండు వైపులా ఒకటే కదా, మరి తేడా ఈ 5ఎన్, 4ఎన్ ఎండోస్పెర్మ్ దగ్గరే వస్తోందా? కళ్ళజోడుగాడు అవునంటాడు, పొడుగోడు కాదంటాడు. మా సార్‌ని అడిగితే "సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నారు. నువ్వు బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ వెలగబెడుతున్నావు కాబట్టి మీ ప్లాంట్ బ్రీడింగ్ సార్‌ని పట్టుకుని అడుగు. ఒట్టి అవును, కాదు అని రాయకు, ఎందుకో రాయి. వీళ్ళిద్దరూ బిర్యానీ పందెం కట్టుకున్నారు, ఔటింగ్ ఇచ్చేలోపు తేలకపోతే నా ప్రాణం తీస్తారు.

కవరు మీద నా పేరు కింద సెక్షన్ కూడా రాయి. పోయినసారి రాయలేదు, నీ ఉత్తరం ఆఫీసులో ఊరికే పడి ఉంది. అత్తకీ మామయ్యకీ అడిగానని చెప్పు.

నీ,
మావ