ఒక్క కమాండ్ పనికి ఇంత బిల్లేంటి అన్నవాళ్లకు

2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాయి కదా. మా అమీర్‌పేట ఆఫీసులో వెబ్‌సైట్లు చేయించుకున్న షాపులన్నిటికీ ధరల పేజీలు మార్చి బిల్లులు పంపాం. కొందరు ఫోన్ చేసి గట్టిగానే అడిగారు. "మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడండీ, లైనక్స్‌లో ఇది ఒక్క లైను పని అంటున్నాడు" అని.

అబ్బాయి చెప్పింది నిజమే. సెడ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో లీ మెక్‌మహన్ రాసింది. ఫోల్డర్‌లోని ఫైళ్లన్నీ దాని ముందు పెట్టి, 12% ఎక్కడ కనిపిస్తే అక్కడ 5% పెట్టమంటే వందల ఫైళ్లయినా క్షణంలో మార్చేస్తుంది. ఆ క్షణానికి మేం పైసా తీసుకోలేదు.

చిక్కంతా ఏంటంటే, 12% ఉన్నవన్నీ 5%కి రాలేదు. నెయ్యి, మిక్స్చర్ వచ్చాయి. నోట్‌బుక్కులు, పెన్సిళ్ల మీద పన్నే తీసేశారు. రెడీమేడ్ బట్టలు ఇంతకుముందు వెయ్యి రూపాయలు దాటితే 12%. ఇప్పుడు 2,500 దాకా 5%, ఆపైన 18%. అంటే ఒకే కుర్తాల పేజీలో ఒక 12 దిగాలి, దాని కిందిదే ఎక్కాలి. పైగా దసరా బ్యానర్లో "12% తగ్గింపు" అని మీరే పెట్టించుకుని ఉంటారు. సెడ్‌కి అది ఆఫరో పన్నో తెలీదు. దాన్నీ 5 చేసి పెడుతుంది, కస్టమర్ మీతో గొడవ పడతాడు.

అందుకే ముందు గ్రెప్ అనే ఇంకో ప్రోగ్రామ్‌తో వెతకడం మాత్రమే చేస్తాం. ఏ ఫైల్లో, ఎన్నో లైన్లో ఏముందో అది చూపిస్తుంది, దేన్నీ ముట్టుకోదు. ఆ జాబితాను మీ ఆడిటర్ ఇచ్చిన షీటుతో లైను లైనుకీ పోల్చి చూస్తాం. మీరు కట్టేది ఈ చూపుకే. తర్వాత సెడ్‌తో మారుస్తాం, అదీ పాత ఫైలు కాపీ పక్కన ఉంచమని చెప్పి. చివర్లో డిఫ్ అనే ప్రోగ్రామ్‌తో పాతదీ కొత్తదీ పోల్చి, మారకూడనిది ఏదైనా మారిందేమో చూస్తాం.

2024లో తెలంగాణ కొత్త బళ్ల నంబర్లలో టీఎస్ పోయి టీజీ వచ్చినప్పుడూ ఇదే కథ. ఓ ట్రావెల్స్ ఆయన సైటంతా మార్చేయమన్నారు. కానీ పాత బళ్ల నంబర్లు టీఎస్‌గానే ఉంటాయి. ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో "టికెట్స్" అని రాసిన హెడ్డింగ్ చివర కూడా ఆ రెండక్షరాలే ఉన్నాయి. కళ్లు మూసుకుని మార్చి ఉంటే ఆ మాట ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

తెలుగు పేజీల్లో ఇంకో తలనొప్పి ఉంది. "హైదరాబాద్" లాంటి పొల్లు మాట చివర కొన్ని కీబోర్డులు కంటికి కనపడని ఒక క్యారెక్టర్‌ని చేరుస్తాయి. స్క్రీన్ మీద రెండూ ఒకేలా ఉంటాయి. "హైదరాబాద్ బ్రాంచ్" అని వెతికితే మాత్రం ఒకటి దొరుకుతుంది, ఇంకోటి దొరకదు. ఇలాంటివి పట్టుకోవడానికే మా కుర్రాళ్లకు సగం పూట పోతుంది.

ఇక డబ్బుల సంగతి. ఫోన్ నంబరు, అడ్రసు, షాపు టైమింగ్స్ మార్చడానికి ఇకమీదట చార్జీ లేదు. ధరలు, పన్నుల మార్పులకు ఆడిటర్ చూసి ఓకే చేసిన ఎక్సెల్ షీటు పంపితే సగం చార్జీ. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టి "మీకు తెలుసు కదా, చూసి మార్చేయండి" అంటే పూర్తి చార్జీ, ఇందులో మొహమాటం లేదు. ఏ వస్తువుకు ఏ రేటో తేల్చడం మా పని కాదు, అది మీ ఆడిటర్ గారే చెప్పాలి. ఈసారి మార్చిన పాత ఫైళ్లు మూడు నెలలు మా దగ్గరే ఉంటాయి. ఏ లైను ఎలా మారిందో చూడాలనుకుంటే అడగండి, ప్రింటు తీసి ఇస్తాం.