పల్లె టీచర్ల జ్ఞాపకాలు రికార్డు చేయాలి
అమెరికాలోని మిషిగన్ ఉత్తర కొసన, రాగి గనుల ప్రాంతంలో ఫిన్లాండ్ మూలాలున్న పల్లెటూరి ఉపాధ్యాయుల జ్ఞాపకాలు ఎక్కడా నమోదు కాకుండానే పోతున్నాయి. వలస వచ్చిన ఫిన్నిష్ కుటుంబాల కోసం 1896లో ఇక్కడి హాన్‌కాక్ పట్టణంలో పెట్టిన సువోమి కళాశాల ఫిన్లాండియా విశ్వవిద్యాలయంగా ఎదిగి, 2023లో మూతపడింది. అక్కడి పాత పత్రాలను ఫిన్నిష్ అమెరికన్ల సంస్థ అయిన ఫిన్లాండియా ఫౌండేషన్ కాపాడింది, సంతోషమే. కాగితం ఎక్కని సంగతుల మాటేమిటి? ఉద్యోగరీత్యా ఇక్కడ ఉంటున్న నాకు, గని కార్మికుడి మనవరాలైన ఒక రిటైర్డ్ టీచరమ్మ పొరుగున ఉన్నారు. ఆమె తల్లి బడిలో ఫిన్నిష్ మాట్లాడి చీవాట్లు తిన్నారట. ఈవిడ మాత్రం తన తరగతిలో ఆ భాషలోనే అంకెలు చెప్పించారు, ఏలకుల పొడి దట్టించిన నిసు రొట్టె చేసుకొచ్చి పిల్లలకు పంచారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గర్వం కాస్త ఎక్కువే, అయినా చూడముచ్చటగా ఉంటుంది. హాన్‌కాక్ వీధి పలకలపై రెండు భాషలు రాస్తే చాలదు. గ్రంథాలయం, స్థానిక పాఠశాలలు కలిసి ఈ వేసవిలోనే హైస్కూలు విద్యార్థులను ఇలాంటి ఉపాధ్యాయుల ఇళ్లకు పంపి, వారి మాటలు రికార్డు చేయించి ఆ పత్రాల పక్కనే భద్రపరచాలి. అమెరికాలో వారాంతాల్లో తెలుగు బడులు నడిపే మన సంఘాలు కూడా తొలితరం వారి విషయంలో ఈ పని వాయిదా వేయకూడదు.
– ఒక తెలుగు పాఠకుడు, హాన్‌కాక్, మిషిగన్